చెవిలో చెప్పే జవాబు

ఆ రోజు భవానీపురంలోని ఆ ఇంట్లో ఉన్నవాళ్లం ఎవరెవరమంటే, డాక్టరు వెంకటకృష్ణారావు గారు, ఆయన భార్య సీతారావమ్మ గారు, ఆమె అక్క కూతురు బుల్లెమ్మ, కాలేజీ నుంచి దండలు పట్టుకొచ్చిన కొందరు విద్యార్థులు, మా నాన్న బాలశౌరి, నేను. వంటింట్లో ఎవరో పప్పు రుబ్బుతున్న చప్పుడు వినిపిస్తోంది గాని, ఆ మనిషిని నేను చూడలేదు.

వైద్య విద్యార్థులకు పాఠం చెప్పడంలో ఆయనంతటి వారు లేరని డాక్టరు గారికి ఆ వారమే పెద్ద సన్మానం జరిగింది. కప్పిన శాలువా కుర్చీ వీపు మీద వేలాడుతోంది. దాని మీద ఎవరో తడి తువ్వాలు కూడా ఆరేశారు.

మేము సన్మానం కోసం రాలేదు. నేను మా ఊరి బడిలో పది పాసయ్యాను. మిషను ఆస్పత్రి సిస్టర్లు నన్ను నర్సు ట్రైనింగులో చేర్చుకుంటామన్నారు. అయితే గుణదల తిరునాళ్లలో కొండ ఎక్కుతూ, సగం మెట్ల దగ్గర ఊపిరాడక కూలబడ్డానని వాళ్లకు తెలిసింది. గుండె బాగుందని పెద్ద డాక్టరు చెబితేనే రమ్మన్నారు. అంతకుముందు వారం డాక్టరు గారు నా గుండె చాలాసేపు విన్నారు. ఏమీ చెప్పలేదు. "బుధవారం తీసుకురా బాలశౌరీ, మా పిల్లలు కూడా వింటారు" అన్నారు.

కంకిపాడులో బస్సెక్కిన దగ్గర్నుంచీ నాన్నను అడుగుతూనే ఉన్నాను.

"అంటే బాగున్నట్టా నాన్నా, బాలేనట్టా?"

"పెద్దాయన రమ్మన్నాడు, ఎల్తన్నాం. ఊరికే పేణం తియ్యమాక."

మేము వెళ్లేసరికి విద్యార్థులు దండ వేయబోతుంటే డాక్టరు గారు పక్కకు తప్పుకుంటున్నారు.

"ఇవన్నీ ఎందుకురా నాకు? వచ్చారు గదా, పాఠం చెప్పుకుందాం."

"ఇవాళ కూడానా సార్!" అని మూలిగాడు సంజీవరావు అనే పొడుగాటి అబ్బాయి. "గారెలు పెడతారనుకుని పొద్దున్నుంచీ ఏమీ తినలేదండీ."

"సరిగ్గా చెప్పినవాడికే గారెలు."

నన్నూ బుల్లెమ్మనూ వరండాలో బల్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టారు. ఇద్దరికీ ఒకటే ఈడు. నేను ఓణీ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటే, సీతారావమ్మ గారు వచ్చి నా వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశారు.

డాక్టరు గారు విద్యార్థులతో అన్నారు: "ఈ ఇద్దరి గుండెలూ వినండి. ఒకరికి జబ్బు ఉండొచ్చు, ఇద్దరికీ ఉండొచ్చు, ఎవరికీ లేకపోవచ్చు. వాళ్లను ఏమీ అడగొద్దు. జవాబు పైకి అనొద్దు. వచ్చి నా చెవిలో చెప్పండి. ఒకడన్నది విని అందరూ అదే అనడం వైద్యం కాదు."

వెంకటరత్నమ్మ అనే విద్యార్థిని ముందు నా దగ్గరకు వచ్చింది. నేను ఓణీ వదలకపోవడం చూసి నెమ్మదిగా చెప్పింది.

"భయపడకమ్మా. సార్ పద్ధతే ఇంత. ఏ జబ్బూ లేనివాళ్లను కూడా తెచ్చి కూర్చోబెడతారు. మేం లేని జబ్బు చెప్పామా, అయిపోయినట్టే!"

అప్పటిదాకా నాకు జబ్బుందేమోనని భయం. ఇప్పుడు నన్ను ఏ జబ్బూ లేని మనిషిగా పిలిపించారేమో అనిపించింది. అయితే మా ఊళ్లో జబ్బు లేని పిల్లలు ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు? నేను బుల్లెమ్మను మోచేత్తో పొడిచాను.

"నీకేమైనా ఉందా?"

"ఏమో! మా బాబాయి ఏ మాటా తిన్నగా చెప్పడుగా. చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్లు వాచాయట, అది గుండెకు పాకుతుందంటారు." ఆమె సంజీవరావు వైపు తిరిగింది. "ఏవండోయ్, ఆ స్టెతస్కోపు చల్లగా ఉంది, కాస్త వేడి చేసి పెట్టండి!"

నాకు కూడా చిన్నప్పుడు కీళ్లు వాచాయి. ఆ మాట చెప్పాలో వద్దో తెలియలేదు. ఏమీ అడగొద్దన్నారు గాని, మమ్మల్ని చెప్పొద్దని అనలేదు.

ఒక్కొక్కరే విని వెళ్లి డాక్టరు గారి చెవిలో చెబుతున్నారు. ఆయన ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. అందరికీ ఒకేలా తల ఊపుతున్నారు. ఒకతను బుల్లెమ్మ దగ్గర ఎక్కువసేపు ఉన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. వెంటనే, ఆమెకు చెడు జరగాలని కోరుకున్నానేమోనని సిగ్గేసింది. తర్వాతి అతను నన్ను ఎడమవైపు ఒత్తిగిలి పడుకోమన్నాడు. బుల్లెమ్మను పడుకోమనలేదు. అంతా మళ్లీ మొదటికొచ్చింది.

సంజీవరావు నా దగ్గర ఇట్టే లేచి, "నీకేంటమ్మా, గుండె బండరాయిలా ఉంది" అని నవ్వాడు.

"పైకి అనొద్దన్నానా? మళ్లీ విను" అన్నారు డాక్టరు గారు.

అతను మళ్లీ కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. నవ్వు పోయింది. నా ముఖం చూడకుండానే లేచి వెళ్లి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన ఎప్పటిలాగే తల ఊపారు. మొదటి జవాబు తప్పా, రెండోది తప్పా?

"బాగానే విన్నారు. ఇప్పుడు అసలు పాఠం" అన్నారు డాక్టరు గారు. "విన్నదాన్ని ఇంటివాళ్లకు ఎలా చెప్పాలో చూడండి. పుస్తకాల్లో ఉండదు. బాలశౌరీ, లోపలికి రా."

నాన్న తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని గదిలోకి నడిచాడు. విద్యార్థులంతా వెనకాలే వెళ్లారు. సీతారావమ్మ గారు బుల్లెమ్మను కాఫీ తెమ్మని వంటింట్లోకి పంపారు. బాగుందని చెప్పడానికైనా నాన్ననే పిలుస్తారు గదా అనుకున్నాను. అయితే దానికి అంత పాఠం ఎందుకు?

నేను లేచి గుమ్మం దాకా వెళ్లాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక డాక్టరు గారితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"అయ్యగారూ, నేను కూడా వింటానండీ."

అందరూ తిరిగి చూశారు. డాక్టరు గారు కళ్లజోడు తీసి, నేను అడగకూడనిది అడిగినట్టు నా వైపు చూశారు.

"నీకు మీ నాన్న చెబుతాడులేమ్మా."

"సార్, ఆ అమ్మాయిని కూడా..." అంది వెంకటరత్నమ్మ.

"తర్వాత" అన్నారాయన.

నాన్న అటు తిరిగి నిలబడ్డాడు. తలుపు దగ్గరున్నది సంజీవరావు. నేను కదలకపోయేసరికి అతను డాక్టరు గారి వైపోసారి, నా కాళ్ల వైపోసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.