కాటాకి అందనిది

మా బావ దాలయ్య కింద కూర్చోలేకపోవడం నేను మొదట చూసింది గంగయ్య ఇంట్లో భోజనాల దగ్గర. గంగయ్య మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు ఉన్న ఒనకఢిల్లిలో వడ్రంగి. కొడుక్కి పేరు పెడుతూ కాలనీలో తెలుగువాళ్లందరినీ పిలిచాడు. విస్తర్లు వేశారు, అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. బావ ఒక చెయ్యి గోడకి ఆనించి కుడికాలు మడవబోయి ఆగిపోయాడు. మళ్లీ ప్రయత్నించాడు. ఆఖరికి విస్తరి చేతుల్లోకి ఎత్తుకుని గుమ్మం మెట్టు మీదికి పోయి కూర్చున్నాడు.

"ఏటి దాలయ్యా, పెళ్లికొడుకునాగ నీకు పీట గావాలేటి?" అన్నాడు గున్నయ్య.

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. గజ్జల్లో పట్టిందన్నాడు.

మాచ్‌ఖండ్ కరెంటు కొండల మీంచి ఆంధ్రాకి పోయే లైను కింద గస్తీ తిరగడం బావ పని. తీగల్ని మోసే పింగాణీలు పగిలాయా, చెట్టుకొమ్మలు తీగల మీదికి వాలాయా అని చూసుకుంటూ టవరు నుంచి టవరుకి నడవాలి. గున్నయ్య ఆయనకి జత. ఎత్తు ఎక్కేటప్పుడు గున్నయ్య సగం దారిలో రొప్పుతుంటే, బావ పైన రాయి మీద కూర్చుని బీడీ ముట్టించేవాడట. బావకి పొలం లేదు, పిల్లల్లేరు, చదువు లేదు. ఆ నడక ఉండేది.

నా పేరు సన్యాసి. బావ భార్య గురమ్మప్పకి తమ్ముణ్ణి. పార్వతీపురం అవతల మా ఊరి నుంచి బావే నన్ను తీసుకొచ్చి స్టోర్సులో ఖలాసీగా పెట్టించాడు. వాళ్ల క్వార్టర్‌లోనే ఉండేవాణ్ణి. అందుకని అన్నీ నా కళ్లముందే జరిగాయి.

మరుసటేడు బావ తన కాలి గోళ్లు తను తీసుకోలేకపోయాడు. అప్ప తీసేది. చెప్పుల బదులు వేసుకునే బూటు తాడు కూడా అప్పే కట్టేది. దొడ్డికి కూర్చోలేక లేవలేక ఒకరోజు లోపలే ఉండిపోతే, నేనే వెళ్లి చంకల కింద చేతులు వేసి లేపాను. ఆ సాయంత్రం బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను గంగయ్య దగ్గరికెళ్లి మధ్యన కన్నం కోసిన కుర్చీ ఒకటి చేయించి తెచ్చాను. అది దొడ్లో గోనెపట్టా చాటున ఉండేది. ఎవరైనా ఇంటికొస్తే అప్ప దాని మీద తడిగుడ్డలు ఆరేసేది.

గస్తీ తప్పించి బావని ట్రాలీ గదిలో వేశారు. పవర్‌హౌసు లోయలో ఉంటుంది. మనుషులు తాడు కట్టిన ట్రాలీలో దిగుతారు. పైన స్టూలు మీద కూర్చుని గంట కొట్టడం పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోవడమే. అప్పకి ఒకటే నమ్మకం, ఆ కాలు ఎండిపోయిందని. చక్రానికి కందెన లేకపోతే కిర్రుమనదా అనేది. నెయ్యి, గుడ్లు, సంత నుంచి మేకకాళ్లు తెచ్చి పులుసు. బావ ఒళ్లు చేశాడు. చూసినవాళ్లు బాగున్నావన్నారు. అప్ప సంతోషించి ఇంకా పెట్టింది. కాలు ఇంకా పట్టేసింది. పట్టేసిన కొద్దీ అప్ప పెట్టింది.

డెబ్బై తొమ్మిదిలో అనుకుంటాను, విశాఖలో ఒక పెద్ద డాక్టరు అరిగిన తుంటికీలు తీసేసి ఉక్కుది వేస్తున్నాడని ఇంజనీరు ఒకాయన చెప్పాడు. అప్పా బావా నేనూ అరకు మీదుగా బస్సులో పోయాం. ఘాట్ రోడ్డంతా బావ సీటు కమ్మీ పట్టుకుని ఒంటి తుంటి మీద కూర్చున్నాడు. డాక్టరు ఫొటో తీయించి వెలుతురుకి పెట్టి చూపించాడు. గిన్నెలో బంతి ఉంటుంది, రెండిటికీ మధ్య మెత్తగా ఉండాల్సింది పోయింది, ఎముక మీద ఎముక రాస్తోంది. మూత్రం పరీక్ష కూడా చేయించి అప్పుడు చెప్పాడు.

"నీకు వేస్తానయ్యా. కాని రెండు తగ్గించుకుని రావాలి. ఒకటి బరువు. ఇంత బరువు మీద వేస్తే అతికించింది ఊడిపోతుంది. డెబ్బై కిలోలకి దిగు. రెండోది చక్కెర. అది నీకు మొదలవుతోంది. బరువొక్కటే కీలుని అరగదీస్తుందనుకోకు. ఒంట్లో కొవ్వూ ఆ చక్కెరా లోపల్నించి కూడా చెడగొడతాయి."

నెలనెలా మూత్రం చూపించుకోమన్నాడు. బావ అన్నిటికీ తలూపాడు. ముగ్గురం విన్నాం. తిరుగు బస్సులో ముగ్గురమూ మాట్లాడుకున్నది డెబ్బై గురించే.

మా స్టోర్సులో బోల్టులూ తీగచుట్టలూ తూచే పెద్ద కాటా ఉండేది. కడ్డీ మీద గుండు జరిపితే తూకం తెలుస్తుంది. ఆదివారం స్టోర్ కీపరు కళ్లు మూసుకునేవాడు, నేను బావని దాని మీద ఎక్కించేవాణ్ణి. మొదటిసారి తొంభై ఒకటి. అప్ప నెయ్యి మానేసింది, వరి మానేసింది. సోడంబలి, అంటే రాగుల జావ, ఆకుకూర. బావ కిక్కురుమనకుండా తాగేవాడు. మొదటి రెండు నెలలు ఆసుపత్రికి మూత్రం పట్టుకెళ్లాడు కూడా. నీలం మందులో వేసి కాస్తే పచ్చరంగు తేలింది, చక్కెర కొంచెమే, జాగ్రత్త అన్నారు. కాటా మీద మాత్రం గుండు జరిగేది కాదు. అరకిలో తగ్గేది, పై వారం ముప్పావు ఎక్కేది. నడవగలిగితే తగ్గును. తగ్గితేగాని నడిచే కాలు రాదు. బావ కాటా దిగి కడ్డీ వంక అలాగే చూసేవాడు. వానలు పట్టాక ఆసుపత్రికి వెళ్లడం కూడా మానేశాడు.

దసరా వెళ్లాక గుండు కదిలింది.

వారం వారం దిగింది. ముందు ఎవరమూ నమ్మలేదు. నేను కాటాని తూకం తెలిసిన తీగచుట్టతో సరిచూశాను. కాటా సరిగ్గానే ఉంది. బావ లాగు వదులైంది, బెల్టుకి మేకుతో కొత్త కన్నాలు పొడిచాను. మెడ బయటపడింది, దవడలు బయటపడ్డాయి. అప్ప మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లో అయింది.

"ఒరే సన్యాసీ, సూసేవా? పెళ్లినాటి మొగుడు మల్లీ ఒచ్చేడు నాకు," అనేది.

గున్నయ్య కూడా చూడ్డానికొచ్చి, ఇక గస్తీలో మళ్లీ నా ప్రాణం తీస్తావన్నమాట అన్నాడు. బావ ఆ మాటకి చాలాసేపు నవ్వాడు.

నీళ్లు తెగ తాగేవాడు. అంబలి వేడి చేస్తుందనేవాడు. రాత్రిళ్లు లేవలేడు గనక మంచం పక్కన డబ్బా ఉండేది, ఒకటి చాలక రెండోది పెట్టుకున్నాడు. పొద్దున్నే అవి పారబోసే మూల, అరుగు రాయి దగ్గర, ఎర్రచీమలు బారులు కట్టి కనిపించాయి. అప్పతో చెప్పాను. అంబలి గిన్నె అక్కడే కడుగుతున్నానురా అంది. బావతో చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా, ఈ ఆదివారం ఎంతుంటాదో సెప్పు ముందు, అన్నాడు.

సంక్రాంతి పోయిన నెలకి డెబ్బై దాటి కిందికి దిగాడు. మళ్లీ విశాఖ బయల్దేరే ముందురోజు అప్ప ఆ కన్నపు కుర్చీని దొడ్లోంచి ఈడ్చి గొడ్డలితో తనే పగలగొట్టి, ఆ కర్రలతో నీళ్లు కాచి బావకి తలంటు పోసింది. జయపురం నుంచి తెప్పించిన కొత్త గుడ్డబూట్లు తొడిగింది. ఆపరేషనయ్యాక నడవాలి గదా అని.

డాక్టరు తూకం చూసి మెచ్చుకున్నాడు. అంతలోనే ఆయన నవ్వు ఆగిపోయింది. బావ తొడ పట్టుకుని చూశాడు. చర్మం వేలాడింది. కండ లేదు. నాలుక చూశాడు. వంగి ఊపిరి వాసన చూశాడు. మూత్రం పట్టించి పంపితే ఇటుకరంగు వచ్చిందని, అంతా చక్కెరేనని కబురొచ్చింది. బూట్లు విప్పించాడు. కుడి మడమ మీద రూపాయి బిళ్లంత పుండు. బూటు లోపల మేజోడు తడిసి అంటుకుపోయింది. నొప్పి లేదా అంటే, లేదే, ఎప్పుడయిందో తెలీదన్నాడు బావ.

ఇందులో తగ్గింది కొవ్వొక్కటే కాదని డాక్టరు మెల్లిగా చెప్పాడు. చక్కెర మనిషినే కరిగించేసింది. కీలుని పట్టుకోవాల్సిన కండ పోయింది. ఈ ఒంట్లో ఉక్కు పెడితే కుళ్లుతుంది. ముందు కాలు దక్కించుకోవాలి, ప్రాణం దక్కించుకోవాలి. తుంటి సంగతి ఆ తర్వాత.

"ఆ తర్వాతంటే ఎప్పుడు బాబూ?" అంది అప్ప.

ఆయన వార్డుకి చీటీ రాశాడు.

వార్డులో ఉంచారు. సూదిమందు మొదలుపెట్టారు. మూడోరోజో నాలుగోరోజో మధ్యాహ్నం, అప్ప బజారుకెళ్లినప్పుడు, బావ కప్పు వంక చూస్తూ మాట్లాడాడు.

"సీమలు నువ్వు సెప్పకముందే సూసేన్రా. మా అయ్య పోయినప్పుడూ గోడపక్కన అలాగే పట్టేయి. నాకు తెల్దా?"

"మరి సెప్పలేదేటి బావా?"

"సెప్తే మందిస్తారు. మందిస్తే తగ్గడం ఆగిపోద్దేమోనని. గుండు దిగుతోంది గదా, దిగనీ అనుకున్నాను. కాలొచ్చేక దాని సంగతి సూద్దామనుకున్నాను." కొంచెంసేపాగి, "మీ అప్పకి సెప్పకు," అన్నాడు.

నేను చెప్పలేదు. కాని అప్ప అడగనూ లేదు. ఆవిడకి తెలుసునని నాకు తర్వాత అనిపించింది. ఒనకఢిల్లికి తిరిగొచ్చిన రోజు ఆవిడ మొదట వెళ్లి నిలబడింది ఆ అరుగు రాయి దగ్గరే.

మడమ పుండు మానడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా అదే కాలికి చిటికెనవేలు, దాని పక్కవేలు కుళ్లి పోయాయి. సూదిమందు రోజూ ఆసుపత్రిలో వేయించుకోవాలి, నేనే భుజం పట్టి తీసుకెళ్లేవాణ్ణి. దాహం తగ్గింది. చీమలు పోయాయి. మొహం తేరుకుంది. ఒకరోజు బెల్టు పెట్టుకుంటూ బావ నేను పొడిచిన కన్నాలు వదిలేసి పాత కన్నంలోకి వచ్చాడు. మర్నాడు ఆదివారం. కాటా మీద ఎక్కించమన్నాడు. ఆ మందుతో ఒళ్లు మళ్లీ వస్తుందని ఆసుపత్రిలో ముందే చెప్పారు. అంబలి అదే, ఆకుకూర అదే. గుండు పైకి జరిపాను. ఇంకా జరపాల్సి వచ్చింది.

బావ కడ్డీ వంక చూడలేదు. తలుపు అవతల, కొండ మీద కనిపించే టవరు వంక చూశాడు.

"ఎంతరా?"

చెప్పాను. నా భుజం పట్టుకుని దిగాడు. మరి ఎప్పుడూ కాటా మాటెత్తలేదు.

ఆ సాయంత్రం అప్ప నన్ను పిలిచి, గంగయ్య దగ్గరికెళ్లి మళ్లీ కుర్చీ ఒకటి చేయించమంది. ఏదని నేను అడగలేదు. గంగయ్య పలక చిత్రిక పడుతున్నాడు. చెప్పింది విని చిత్రిక పక్కన పెట్టాడు. కొలబద్ద చేతిలోకి తీసుకున్నాడు.

"సిక్కిపోయేడంట గదా మీ బావ. సన్నంగా సెయ్యనా, పాత కొలతేనా?"

నేను రంపపుపొట్టు వంక చూస్తూ నిలబడ్డాను.

"పాత కొలతే," అన్నాను. "కాళ్లు గట్టి కర్రతో పెట్టు. సాలాకాలం ఉండాల."