చూసినంత వరకే సాక్ష్యం

కోర్టు నుంచి సమన్లు అందిన పూట దర్జీకి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎవరిదో చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టేసింది. దుకాణంలో ఆమె పక్కనే మిషను తొక్కే వదిన ఇంకా ఎక్కువ బెంబేలెత్తిపోయి, ఏం నేరం చేశావో ఇప్పుడే చెప్పెయ్యమని వెంటపడింది.

ఎదురు దుకాణం గడియారాల మేస్త్రి వచ్చి అసలు సంగతి చెప్పాడు. కేసు వేసింది తనే. పొరుగున ఉన్న బేకరీవాడు మురుగు కాలువ కోసం పునాది వారగా తవ్వించడంతో తన గోడ కూలి గడియారాలు పగిలాయని అతని ఫిర్యాదు. దావా వేశాడు కాబట్టి అతను వాది, బేకరీవాడు ప్రతివాది. దర్జీ సాక్షి మాత్రమే.

"ఇందులో జైళ్లూ గీళ్లూ ఉండవమ్మా. నువ్వు చూసింది చెప్పు, చాలు" అన్నాడు.

వదిన నమ్మలేదు. దర్జీకి మాత్రం భయం పోయి, ఆ కోర్టు ఎలా ఉంటుందో చూడాలన్న కుతూహలం పట్టుకుంది.

మొదటిసారి వెళ్తే ప్రతివాది వకీలుకు జ్వరమట, వాయిదా పడింది. వచ్చిన దారినే పోవడం ఇష్టంలేక, లోపల కూర్చోవచ్చా అని ఆమె బంట్రోతును అడిగింది. విచారణ బాహాటంగానే జరుగుతుందనీ, నోరు మూసుకునే పనైతే ఎవరైనా కూర్చోవచ్చనీ అతను చెప్పాడు. మధ్యాహ్నం దాకా వేరే కేసులు వింటూ ఆమె కదల్లేదు. వకీళ్లు ఇంత వాదించుకుని, బయట ఒకే బల్ల మీద టీ తాగడం ఆమెకు వింతగా తోచింది.

రెండోసారి అదే బంట్రోతు ఆమెను వరండాలో కూర్చోబెట్టాడు. తను సాక్ష్యం చెప్పాల్సిన కేసులో మాత్రం సాక్షి, తన వంతు వచ్చేదాకా మిగతావాళ్ల మాటలు వినకూడదట. విన్నవాళ్లు తెలియకుండానే అదే పాట పాడతారని అతను వివరించాడు. అది నిజమేననిపించింది ఆమెకు. వదినతో పదేళ్లుగా అదే అనుభవం.

బోనెక్కి ప్రమాణం చేశాక, మేస్త్రి తరఫు వకీలు నెమ్మదిగా అడిగాడు. కాలువ తవ్వడం చూశానంది. గోడ కూలిందంది. తర్వాత అవతలి వకీలు లేచాడు. క్రాస్ ఎగ్జామినేషన్ అంటే ఇదేనన్నమాట అనుకుని ఆమె కొంగు సర్దుకుంది.

"గోడ పడుతుండగా మీరు చూశారా?"

"లేదండి. చప్పుడు విని తలెత్తాను. అప్పటికే దుమ్ము."

"తవ్వకముందే ఆ గోడకు బీట ఉందా?"

ఆమె మేస్త్రి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. లేదంటే అతను గెలుస్తాడు. కానీ ఆ బీటను ఆమె రోజూ చూసేది.

"ఉందండి" అంది.

ఆ వకీలు తృప్తిగా కూర్చున్నాడు. అయితే మొదటి వకీలుకు మళ్లీ అడిగే హక్కు ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ బీట ఎప్పుడూ ఒక్కలాగే ఉండేదా అని అతను అడిగాడు.

"లేదండి. ముందు దారప్పోగంత. తవ్వాక నా వేలు పట్టేంత అయింది."

అంతవరకూ రాసుకుంటూ ఉన్న జడ్జి తలెత్తి, ఆ మాట ఇంకోసారి చెప్పమన్నాడు.

తీర్పు వచ్చేసరికి చలికాలం వచ్చింది. పాత బీటను పట్టించుకోకపోవడం మేస్త్రి పొరపాటే అయినా, కూలడానికి అసలు కారణం తవ్వకమేనని జడ్జి తేల్చాడు. గోడ బేకరీవాడు కట్టించాలి. పగిలిన గడియారాల నష్టం మేస్త్రిదే.

సాక్ష్యం చెప్పిన నాటి నుంచి మేస్త్రి ఆమెతో ముభావంగానే ఉన్నాడు. తీర్పు తర్వాతి రోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అప్పీలు చేస్తే? అక్కడికీ నువ్వే వచ్చి చెప్పాలా?"

"మామూలుగా అయితే అక్కర్లేదట అన్నయ్యా. నేను చెప్పిందంతా రాసిపెట్టారుగా. పైకోర్టు అది చదివి, ఈ తీర్పు సరిగ్గా ఉందో లేదో చూస్తుందట."

"అంటే ఆ బీట అక్కడా ఉంటుంది."

"ఉంటుంది."

అతను ఆ బీట మాట చెప్పకుండా ఉండాల్సిందన్నాడు. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది. చివరికి అతనే నిట్టూర్చి, వేలు పట్టేంత అన్నది కూడా నువ్వేగా అనేసి వెళ్లిపోయాడు. అప్పీలు వెయ్యలేదు. వారం తిరక్కుండానే తాపీవాళ్లు వచ్చారు.

కుట్టు పని పలచగా ఉన్న రోజుల్లో దర్జీ ఇప్పటికీ కోర్టుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటుంది. తిరిగొచ్చాక వదిన మిషను ఆపుతుంది.

"ఇవాళ ఎవరిది? ముందు వాది ఏమన్నాడో చెప్పు."