గోడ మీద గుండ్రటి నురగ

రియాక్టరును కప్పి ఉంచే కాంక్రీటు గోపురం పరీక్షలో ఓడిపోతోంది. లోపలికి ఎక్కించిన గాలి ఎక్కడినుంచో ఉండకూడనంత వేగంగా కారిపోతోంది.

"కాంక్రీటు ముసలిదైంది సొలెన్. పగుళ్లని రాసి సంతకం పెట్టెయ్." మరమ్మతుల పెద్ద గేటన్ మార్షబూ, కాగితాల మీద బరువుగా పెట్టుకున్న గుండ్రటి కాంక్రీటు దిమ్మెను పక్కకు జరిపి, పత్రం ముందుకు తోశాడు.

అలా రాస్తే ఈ అణువిద్యుత్ కేంద్రానికి తాళమే. ఈ నార్మండీ తీరపు ఊరికి వేరే బతుకుతెరువు లేదు. పక్కనున్న బ్రెటన్ ప్రాంతం నుంచి వచ్చిన తనిఖీ ఇంజనీరు సొలెన్ కెర్డాంకఫ్ కలం ముట్టుకోలేదు.

"ముసలిదైతే ఒత్తిడికి గోడ ఇంత చక్కగా సాగదండీ. కొలతలన్నీ బాగున్నాయి. చూసొస్తా."

"మీ బ్రెటన్ల మొండితనం గోడకంటే గట్టిది!"

"అందుకేగా గోడలకి మమ్మల్ని పిలుస్తారు."

లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య సందులో, తాళ్లకు వేలాడుతూ పనివాడు బాజిల్ సబ్బునీళ్లు చల్లుతున్నాడు. గాలి కారేచోట నురగ లేస్తుంది.

"గోడకి స్నానం చేయించే ఉద్యోగమని మా ఆవిడకి చెప్పలేదు మేడమ్," అని నవ్వి, ఉన్నట్టుండి ఆగాడు. "ఇదేంటి?"

పసుపు పూత మీద నురగ పళ్లెమంత గుండ్రంగా లేస్తోంది.

"పగులు గుండ్రంగా రాదు బాజిల్. గీకు."

పూత కింద కొత్త సిమెంటు. ఎవరో గుండ్రంగా కోసే డ్రిల్లుతో తప్పుచోట లోతుగా తొలిచి, పైపైన పూడ్చి, రంగేశారు. సొలెన్ గుండె తేలికపడింది. కన్నమైతే సరిచేయొచ్చు. ఊరు బతుకుతుంది.

కానీ తొలిచింది ఎవరు? అలా కోసినప్పుడు కాంక్రీటు స్తంభంలా, నున్నగా ఊడొస్తుంది. కాంక్రీటు పని చేసేవాడికెవడికీ దాన్ని పారేయడానికి చేతులు రావు. సొలెన్ బల్లమీద కూడా అలాంటివి రెండున్నాయి.

ఆమెకు చప్పున ఒకటి గుర్తొచ్చింది. వెనక్కి పరుగు తీసింది.

గేటన్ గదిలో అతని పక్కన కేంద్రం డైరెక్టరు ఒడిల్ వోతియే నిలబడి ఉంది. "పగుళ్లేనటగా?"

సొలెన్ బల్లమీది దిమ్మెను తీసి తలకిందులు చేసింది. అడుగున పసుపు పూత.

"ఈ పూత ఆ గోడకి తప్ప ఇంకెక్కడా లేదు మేడమ్."

గేటన్ దిమ్మెను అందుకోబోయాడు. "అది... ఎవరో ఇచ్చారు."

"ఎవరు?" అంది డైరెక్టరు.

సొలెన్ దిమ్మెను పత్రం మీద పెట్టింది.

"గోడ తప్పేం లేదు. తొలిచిందీ, దాచిందీ, ఊరిని ముంచబోయిందీ గేటన్ మార్షబూ."