ఊరందరికీ ఒకే మెడ

ఆ రోజు మా ఇంట్లో అమ్మ, నాయనమ్మ పున్నమ్మ వంటింట్లో ఉన్నారు. నందిగామ నుంచి వచ్చిన సమితి పెద్ద వెంకటరత్నంగారు పడక్కుర్చీలో, ఆయన పక్కన మా నాన్న జగన్నాథరావు. వెంకటరత్నంగారిని జట్కాలో తెచ్చిన బుడే సాహెబ్ అరుగు మీద. వసారాలో, మా చెక్క కుర్చీలో, మాలపల్లె ఆశీర్వాదం. మా ఇంట్లో అతనికి కుర్చీ వేయడం అదే మొదలు. బరువు మోపితే విరుగుతుందేమో అన్నట్టు అంచున ఆనుకుని ఉన్నాడు.

పంచాయతీ ప్రెసిడెంటు పదవికి నాన్న మీద అతను నామినేషను వేశాడు. మధ్యాహ్నంలోగా బడిలో ఉన్న ఎలక్షన్ ఆఫీసరు ముందు సంతకం పెట్టి వెనక్కి తీసుకుంటే పోటీ ఉండదు. ఎందుకు వేశాడో ఊరందరికీ తెలుసు. మాలపల్లెకు మంజూరైన మంచినీళ్ల బావిని నాన్న మా మిరపతోటలో తవ్వించాడు. పోయినసారి ఓట్లడిగినప్పుడు "మీ గుమ్మంలోనే బావి" అని మాటిచ్చిందీ ఆయనే. ఇప్పుడు మా ఇంజను ఆడిస్తేనే పల్లెకు నీళ్లు. ఆడవాళ్లు కడవలతో ఎండలో కాచుకుని ఉంటారు.

"ఊరు ఒక్కమాట మీదుంటే గవర్నమెంటు బహుమానమిస్తుందయ్యా. ఏకగ్రీవం! మంత్రిగారు స్వయంగా వస్తారు," అన్నారు వెంకటరత్నంగారు.

"బావి సంగతండీ?"

"అదీ చూద్దాం."

"చూసీ చూసీ కళ్లు కాయలు కాసినయ్యండి." ఆశీర్వాదం గొంతులో కోపం లేదు. అలసటే ఉంది.

"మంత్రిగారికి దాహమేస్తే ఏ బావి నీళ్లిస్తారండీ?" అన్నాడు బుడే సాహెబ్. నాన్న అటు చూడగానే గుర్రానికి గడ్డి వేయడానికి లేచిపోయాడు.

వీధి నిండా పల్లె జనం. పొద్దున్నుంచీ కూలి మానుకుని నిలబడి, వాళ్లలో వాళ్లే వాదులాడుకుంటున్నారు.

"సంతకం పెట్టి రమ్మనండి. రేపు పనికి పిలవకపోతే ఏం తింటాం?"

"పెడితే ఏం తాగుతాంరా?" అన్నది ఆశీర్వాదం తల్లి ఆదెమ్మ. గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. "చిన్నమ్మగారూ, ఇస్కూల్లో చదూతున్నారుగా. ఇందాకణ్ణుంచి ఏకగ్రీవం ఏకగ్రీవం అంటన్నారు. అంటే ఏందమ్మా?"

నలుగురిలో నాకు నోరు పెగలదు. అయినా పంతులుగారు పదానికి అర్థం అడిగినట్టే అనిపించింది.

"గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే... ఒకే మెడ."

ఆదెమ్మ తన మెడ తడుముకుంది.

"ఊరందరికీ ఒకే మెడా? ఎవరిదమ్మా?"

"ఇంకెవరిది, కండువా ఉన్నోరిది," అన్నారెవరో వెనకనుంచి.

"మరి మనయ్యో?"

"మనయ్యి కాడి కిందకి!"

నవ్వారు. అదీ అలసిన నవ్వే.

ఆశీర్వాదం లేచాడు. "ఒద్దండి. నా మెడ నా దగ్గరే ఉండనీండి."

"కూర్చోరా!" అన్నాడు నాన్న. పొద్దున్నుంచీ 'అయ్యా, నాయనా' అన్న నోరే అది.

"పోలీసులకు కబురంపండి," అన్నారు వెంకటరత్నంగారు.

"అంపండి బాబూ. టేషన్ కాడ నీళ్లపంపుందంట!" అన్నది ఆదెమ్మ. కొడుకు మెట్లు దిగగానే జనం చుట్టూ మూగారు. "బడికాడ ఆఫీసరు ముందే కూకుందాం పదండి. ఈడి సంతకం ఇంకోళ్లు పెట్టకుండా," అన్నదామె.

ఇందాక పనిపోతుందని భయపడ్డవాడు కూడా తలగుడ్డ బిగించుకుని వాళ్లతో నడిచాడు. ఆదెమ్మ వెనక్కి తిరిగింది.

"చిన్నమ్మగారూ, రండి. ఆ ఆఫీసరుకి కూడా అర్థం చెబుదురుగాని."

నేను ఒక కాలు గడప దాటించాను. నాన్న నా జబ్బ పట్టి లోపలికి నెట్టి, తలుపు వేశాడు.