అటక మీది డిస్కు

పొద్దుటినుంచి ఫోను మోగడం ఇది నాలుగోసారి. వీరదుర్గ తీయలేదు. చేస్తున్నది మేనేజరని ఆమెకు తెలుసు, ఎందుకో కూడా తెలుసు.

పాలకొల్లు దగ్గర ఆ రొయ్యల ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నీ ఆమె బాధ్యత. ఏ ఫోల్డరు ఎవరు తెరవాలో, ఏ ఫైలు నకలు ఎక్కడ దాచాలో ఆమే చూస్తుంది. ఏసీ గదిలో ఉద్యోగమని వాళ్ల పేటలో గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఏసీ సర్వరు కోసం పెట్టించింది, ఆమె కోసం కాదు.

శుక్రవారం అమ్మోనియా లీకై, రొయ్యలు వలిచే అప్పాయమ్మ పడిపోయింది. ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. ఆ రోజు ఆమె అసలు పనిలోకే రాలేదంటోంది యాజమాన్యం.

ఫోను తీయకపోయేసరికి మేనేజరు ఉదయభాస్కర్ తనే వచ్చాడు.

"హాజరు ఫోల్డర్లో శుక్రవారం ఫైలు తీసేశాను దుర్గా. బ్యాకప్‌లోది నువ్వు తీసెయ్. మూడింటికి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ గారొస్తారు."

"తీస్తే మళ్లీ రాదండి."

"రాకూడదనే కదమ్మా. మీ ఇంట్లో ఉన్న డిస్కు కూడా పట్టుకొచ్చెయ్. మీ అమ్మా ఇక్కడే పనిచేస్తోంది, చూసుకో మరి."

ఒక వరదకి సర్వరు గది మునిగినప్పటినుంచి ప్రతి శనివారం ఫైళ్లన్నిటి నకలు ఒక డిస్కులో ఇంటికి తీసుకెళ్లడం ఆమెకు అలవాటు. ఇంటి పట్టా, రేషను కార్డుతోపాటు దాన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటకెక్కిస్తుంది తల్లి రత్నమాణిక్యం.

ఆయన వెళ్లాక దుర్గ బ్యాకప్ తెరిచింది. శుక్రవారం. వచ్చిన వేళ, వెళ్లిన వేళ. తొమ్మిదీ పదికి గ్యాసు కమ్మింది. తొమ్మిదీ పన్నెండునుంచి ఒక్కొక్కరే బయటికి వెళ్లినట్టుంది. వేలిముద్ర వేయకుండా వెళ్తే ఆ పూట కూలి ఇవ్వరు. అందుకని ఊపిరాడక దగ్గుతూనే వాళ్లంతా గుమ్మం దగ్గర వరసలో నిలబడ్డారు. రత్నమాణిక్యం, తొమ్మిదీ పంతొమ్మిది. ఏడు నిమిషాలు అమ్మ ఆ వరసలోనే ఉంది.

దుర్గకు పొద్దుటినుంచి తీసేద్దామా వద్దా అని ఆలోచించినందుకు సిగ్గేసింది.

ఆ ఫైలును మళ్లీ హాజరు ఫోల్డర్లో పెట్టింది. తను తప్ప ఎవరూ మార్చకుండా, ఆఫీసులో అందరూ చూసేలా చేసింది. తర్వాత, శుక్రవారంనుంచి ఇంట్లోనే ఉన్న తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, అటక మీద డిస్కు ఎవరొచ్చి అడిగినా ఇవ్వకు."

"మేనేజరు గారు అడిగినా?"

"ఆయనడిగినా."

అవతల దగ్గు వినిపించింది. "సరేలే" అంది రత్నమాణిక్యం.

బయట జీపు ఆగిన చప్పుడైంది. దుర్గ తెర ఆర్పలేదు. అప్పాయమ్మ వచ్చిన వేళ ఐదూ యాభై రెండు. వెళ్లిన వేళ దగ్గర ఏమీ లేదు.