కుర్చీల్లేని టీ గది

మురుంబా స్టేషన్ టీ గదిలో ఇరవై రెండేళ్ళుగా ఎవరూ కూర్చున్న పాపాన పోలేదు. కుర్చీ అంటూ ఉంటే కదా కూర్చోవడానికి. మెల్‌బోర్న్ నుంచి ఆల్బరీ వెళ్ళే సాయంత్రం బండి అక్కడ ఆరు నిమిషాలు ఆగేది. ఆ ఆరు నిమిషాల్లో రెండొందల మంది దిగి, కౌంటరు మీద పడి, పొగలు కక్కే టీని సాసర్లో ఒంపుకుని, నాలుక కాల్చుకుని, మాంసం కూరిన రొట్టె ఒకటి చేత్తో పట్టుకుని మళ్ళీ ఎక్కాలి. రోజూ జరిగే ఈ దొమ్మీని ఒంటిచేత్తో నడిపించేది మర్టిల్ గార్ఫిట్.

ఆవిడకో పద్ధతుంది. ఊరి చివర సిగ్నల్ చెయ్యి వాలిందంటే రెండు నిమిషాల్లో బండి వచ్చేస్తుంది. "పొయ్యండి" అంటుంది. నలుగురు ఆడవాళ్ళు, నాలుగు పెద్ద కెటిళ్ళు, వరసగా పేర్చిన రెండొందల కప్పులు. బండి ఆగేసరికి ఆఖరి కప్పు నిండి ఉండాలి. భర్త పోయిన వారం కూడా ఆ లెక్క తప్పలేదు. ఆ గదే లేకపోతే ఆ ఏడాది ఏమైపోయేదాన్నో అని ఆవిడే అంటుండేది.

అలాంటి చోటికి 1937లో ఆ సాయంత్రం బండి బదులు కొత్త బండి వచ్చిపడింది. నీలం రంగు, పక్కల బంగారు గీత, గాలిని కోసుకుపోయేట్టు ఇంజను ఒళ్ళంతా నున్నటి రేకు తొడుగు. లోపల అదే బొగ్గు, అవే నీళ్ళు, అదే ఆవిరి. పెట్టెల్లో చల్లగాలి, తెరుచుకోని అద్దాల కిటికీలు, భోజనాలకి వేరే పెట్టె. ఇన్ని సుఖాలు లోపలే ఉన్నాక అది దారిలో ఎక్కడా ఆగనక్కర్లేదు, ఆగదు కూడా. మరి ఆగని బండికి టీ గది దేనికి? మిగిలిన బండ్లలో దిగేది పట్టుమని పదిమంది. పైవాళ్ళకీ ఈ అనుమానమే వచ్చి, కొత్త బండి వచ్చే మొదటి రోజునే లాత్‌లీన్ అనే ఇన్‌స్పెక్టర్‌ని పంపారు. గది ఉంచాలో మూసెయ్యాలో ఆయన రిపోర్టు రాయాలి.

ఆ సాయంత్రం ముప్ఫై మైళ్ళ చుట్టుపక్కల జనమంతా స్టేషన్లోనే ఉన్నారు. గొర్రెల పెంపకందార్లు చర్చికి పెట్టుకునే ఆదివారం టోపీలు పెట్టుకుని మరీ వచ్చారు. టీ గదిలో ఇన్‌స్పెక్టర్ నోటుపుస్తకంతో ఓ మూల నిలబడ్డాడు.

"కప్పులు మూడోసారి లెక్కపెడుతున్నావే మర్టిల్" అంది పక్కనున్న డల్సీ. పదేళ్ళుగా ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ పనిచేస్తున్నారు.

"లెక్కపెట్టక నాట్యం చెయ్యనా? వెనకాల ఆ మనిషి పెన్సిల్ చెక్కుకుంటున్నాడు చూడు, కసాయివాడు కత్తి నూరినట్టు."

అంతలో సిగ్నల్ చెయ్యి వాలింది.

"పొయ్యండి" అంది మర్టిల్. ఇరవై రెండేళ్ళ నోరు అది, తలతో పనిలేకుండా అనేసింది. చేతులూ అంతే. నలుగురూ నాలుగు కెటిళ్ళు ఎత్తి ధారగా పోసుకుపోయారు. ఆఖరి కప్పు నిండేసరికి నేల అదిరింది. కిటికీ బయట నీలంగా ఏదో మెరిసింది, గాలి విసురుకి ప్లాట్‌ఫారం మీద టోపీలు లేచిపోయాయి. నలుగురూ తలెత్తేసరికి ఖాళీ పట్టాలూ పల్చటి పొగా మిగిలాయి.

కౌంటరు మీద రెండొందల కప్పులు ఆవిర్లు కక్కుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ కళ్ళెదుటే తన గదికి తనే గొయ్యి తవ్వుకున్నానని అర్థమైంది మర్టిల్‌కి. ఏడవకూడదని పళ్ళు బిగపట్టి తలుపు దగ్గరికెళ్ళి, జనాన్ని కేకేసింది.

"ఏం చూస్తున్నారు ఇంకా? వెళ్ళిపోయిందిగా. టీ పోసేశాం, చల్లారకముందే వచ్చి తాగి పొండి."

వచ్చారు. మూడు గంటలు ఎండలో నిలబడ్డ గొంతులాయె. గది కిటకిటలాడింది. ఆ చక్రాలు కనపడ్డాయా అని ఒకడు, నాకైతే డ్రైవరు మీసం కనపడిందని ఇంకొకడు. అంతా అలవాటు ప్రకారం సాసర్లో ఒంపుకుని ఊదుకుంటూ గబగబా తాగుతున్నారు. జనం తోపులాటలో ఇన్‌స్పెక్టర్ చేతిలోకీ ఓ కప్పు వచ్చింది. ఆయనా ఒంపుకున్నాడు.

సరిగ్గా ఆరు నిమిషాలకి బయట బండి ఎక్కమనే గంట మోగింది. కొట్టింది స్టేషన్ మాస్టరు క్లారీ డన్‌స్టన్, వాచీ చూసుకుని మరీ. గంట వినపడిందే తడవు, జనం సగం తాగిన కప్పులు కౌంటరు మీద పడేసి ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తారు. అందరికన్నా ముందు ఇన్‌స్పెక్టర్.

ఎక్కడానికి బండి లేదు.

"క్లారీ, ఏ బండికయ్యా గంట?" అని ఎవరో అడిగారు.

క్లారీ గంట తాడు వంక చూశాడు. "నన్నడుగుతారేం? పరుగెత్తింది మీరు" అన్నాడు.

ముందు ఇన్‌స్పెక్టర్‌కి నవ్వొచ్చింది. ఆపుకోలేక స్తంభాన్ని పట్టుకున్నాడు. నవ్వుకుంటూనే అందరూ మళ్ళీ గదిలోకొచ్చి మిగిలిన టీ అందుకున్నారు. తరిమేవాళ్ళు లేక ఈసారి నింపాదిగా తాగారు. ఎవరూ ఇంటికి కదలలేదు.

"అమ్మా, మెల్‌బోర్న్ నుంచి నుంచునే వచ్చాను. ఇక్కడ కుర్చీ లేదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎవరికి తీరింది గనక బాబూ, కూర్చోవడానికి?"

ఆయన పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. అంతే సంగతులు అనుకుంది మర్టిల్. మూడు వారాలు ఉత్తరం కోసం చూసింది, దినదినగండంగా. ఈలోగా ప్రతి శనివారం జనం నీలం బండి చూడ్డానికి వస్తూనే ఉన్నారు, చూసి టీ తాగి పోతూనే ఉన్నారు.

నాలుగో శనివారం మధ్యాహ్నం ఉత్తరం రాలేదు. గూడ్సు బండిలో మెల్‌బోర్న్ నుంచి టీ గది పేరున గడ్డి చుట్టిన కట్టలొచ్చాయి. క్లారీ విప్పాడు. పన్నెండు కుర్చీలు.

మర్టిల్ కాసేపు వాటిని ముట్టుకోలేదు. తర్వాత ఒకటి కిటికీ దగ్గరికి లాక్కుంది. డల్సీ ఓ కప్పు తెచ్చి చేతిలో పెట్టింది.

"కూర్చోవే తల్లీ, అది కరవదు."

కూర్చుంది. ఆ గది లోపల్నుంచి, కూర్చుని బయటికి చూడ్డం ఆవిడకదే మొదటిసారి. పొద్దువాలుతుండగా సిగ్నల్ చెయ్యి వాలింది. ఆవిడ కాళ్ళు వాటంతటవే లేవబోయాయి, చెయ్యి కెటిల్ కోసం తడుముకుంది. నీలం బండి కూత వేసి దూసుకుపోయింది.

మర్టిల్ తిరిగి కుర్చీలో చేరగిలపడి, సాసర్లో ఒంపుకోకుండా, కప్పుతోనే తాగింది.