బెర్మెత్‌కి రాని మాట

బిష్కెక్‌లో ఓ పసిపిల్లల బడిలో నేను ఆయాని. నాలుగేళ్ల బెర్మెత్ అప్పటిదాకా నరిన్ కొండల్లో నాయనమ్మ బురుల్ దగ్గరే పెరిగింది. మా కిర్గిజ్ భాష తప్ప మరో మాట రాదు. మా చినారా టీచరూ కిర్గిజ్ మనిషే, కానీ తరగతిలో రష్యన్ తప్ప వినిపించకూడదంటుంది.

మొదటిరోజే బెర్మెత్ వచ్చి నా గౌను పట్టుకుని లాగింది. పాసుకని అర్థమై, తీసుకెళ్దామని చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు ఉమ్సునాయ్! రష్యన్‌లో అడగనీ. నువ్విలా ముద్దుచేస్తే ఎప్పటికి నేర్చుకుంటుంది?" అంది టీచరు.

ఆగిపోయాను. తప్పు నాదే. కాసేపటికి కుర్చీ కింద మడుగు కట్టింది.

"గొర్రెల మందలోంచి వచ్చిందిగా మరి!" అని టీచరు నవ్వింది. పిల్లలంతా నవ్వారు. బట్టలు మారుస్తుంటే బెర్మెత్ ఏడవలేదు. పెదవి కొరుక్కుంటూ గోడకేసి చూసింది.

మర్నాడు పొద్దున్నే, మనవరాలితోపాటు కొండల నుంచి వచ్చిన బురుల్ తోలు బూట్లతో నేరుగా గదిలోకి వచ్చేసింది.

"పెద్దవాళ్లు లోపలికి రాకూడదు," అంది టీచరు రష్యన్‌లో.

"ఏంటో, మన భాషలో ఏడువు."

"ఇదేం మీ గుడారం కాదు, బయటికి నడవండి!" ఈసారి కిర్గిజ్‌లోనే అరిచింది.

"మా గుడారానికి శత్రువొచ్చినా ముందు టీ పోస్తాం. నీ గుమ్మం తొక్కిన పసిదాన్ని నువ్వు నవ్వులపాలు చేశావు. మీ అమ్మ నీకు ఏ భాషలో జోల పాడిందే?"

టీచరు మొహం కందిపోయింది. "మిగతా పిల్లలకి లేని ఇబ్బంది మీ మనవరాలికే ఎందుకొచ్చింది?"

బురుల్ పిల్లలవైపు తిరిగింది. "పాసొస్తున్నది ఎవరికర్రా?"

ఒక చెయ్యి లేచింది. తర్వాత మూడు. చూస్తుండగానే పదకొండు. "నాకూ నాయనమ్మా, ఇందాకట్నుంచీ!" అన్నాడొకడు, కాళ్లు మెలిపెట్టుకుంటూ.

"పదండి," అన్నాను.

"ఉమ్సునాయ్! గడప దాటావంటే నీ పని ఊడుతుంది."

"ఊడనీండి," అన్నాను. పిల్లల్ని వెంటబెట్టుకుని గడప దాటాను.

పని పోలేదు గానీ, బడి నడిపే పెద్ద మేడమ్ నన్ను వంటగదికి మార్చేసింది. చినారాని కూడా పిలిపించి, కొత్త పిల్లలు ఏ భాషలో అడిగినా బదులివ్వాల్సిందేనని గట్టిగా చెప్పింది. చినారా ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది.

మూడోరోజు బెర్మెత్ గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను వంటగది తలుపు దగ్గర్నుంచి చూస్తున్నాను.

"రా, నీ కుర్చీ ఇదే," అంది టీచరు కిర్గిజ్‌లో, నవ్వకుండానే.

బెర్మెత్ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా వెళ్లి కూర్చుంది.